తీగలు కనిపించే బొమ్మలు

ఇంగ్లండు దేశంలో, లండను నగరానికి పడమరగా ఇరవై మైళ్ళ దూరంలో, స్లౌ అనే ఊరు ఉన్నది. పెద్ద కోటలూ రాజభవనాలూ చూడాలంటే పక్కనున్న విండ్సరుకు పోవాలి. స్లౌలో ఉన్నదల్లా 1920లో వెలసిన ఒక పెద్ద ఫ్యాక్టరీలపేట. మన దేశంనుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు ఆ ఊళ్ళో చాలామంది ఉన్నారు. మా అమ్మాయీ అల్లుడూ కూడా అక్కడే కంప్యూటరు ఉద్యోగాలు చేస్తున్నారు. నేను హెడ్మాస్టరుగా రిటైరైన సంవత్సరం, అంటే 2015లో, మా ఇంటావిడా నేనూ వెళ్ళి వాళ్ళ దగ్గర అయిదు నెలలున్నాం.

ఆ ఫ్యాక్టరీలపేటలో ఒక షెడ్డు ఉండేది. బయటినుంచి చూస్తే బిస్కట్లు చేసే షెడ్డుకూ దానికీ తేడా ఏమీ ఉండేది కాదు. కాని 1965లో అందులో మైదానాలూ, సముద్రాలూ, రాకెట్లూ ఉండేవి. జెర్రీ ఆండర్సన్, సిల్వియా ఆండర్సన్ అనే దంపతులు తమ బృందంతో కలిసి, పిల్లల కోసం టెలివిజన్ నాటకాలు తీసిన చోటు అది. ఆ నాటకాల్లో మనుషులు నటించరు. అందరూ బొమ్మలే.

వాటిలో పేరుపడినది ‘థండర్‌బర్డ్స్’. దాని పుట్టుక ఒక నిజమైన ప్రమాదంలో ఉన్నది. 1963 అక్టోబరులో పశ్చిమ జర్మనీలోని లెంగెడె అనేచోట ఇనుపఖనిజపు గనిలోకి నీరు విరుచుకుపడింది. 129 మంది లోపల ఉన్నారు. 29 మంది చనిపోయారు. కొందరు మొదట్లోనే బయటపడ్డారు. పదకొండుమందిని మాత్రం, భూమిలోకి సన్నని బావిలాంటి రంధ్రం తొలిచి, అందులోంచి ఇనుపగొట్టంలాంటి తొట్టిని దింపి, ఒక్కొక్కరినే పైకి లాగారు. అప్పటికి పధ్నాలుగు రోజులైంది. రంధ్రం తొలిచే పెద్ద యంత్రాన్ని వేరే ఊరినుంచి తీసుకురావలసి వచ్చింది. ఆ వార్త విన్న జెర్రీ ఆండర్సన్‌కు ఒక ఆలోచన తట్టింది: ఇలాంటి యంత్రాలన్నీ ఒకచోట సిద్ధంగా ఉండి, పిలిచిన వెంటనే ఎగిరి వెళ్ళగలిగితే?

ఆ ఆలోచనే కథ అయింది. పసిఫిక్ సముద్రంలో ఒక రహస్యద్వీపం. అందులో జెఫ్ ట్రేసీ అనే ధనవంతుడూ, అతని అయిదుగురు కొడుకులూ ఉంటారు. వారి పేర్లు స్కాట్, వర్జిల్, ఆలన్, గోర్డన్, జాన్. అమెరికా మొదటి వ్యోమగాముల పేర్లే అవి. అయిదుగురికీ అయిదు వాహనాలు. ఒకటి వేగంగా పోయే రాకెట్టు విమానం, ఒకటి బరువులు మోసే లావుపాటి ఆకుపచ్చ విమానం, ఒకటి అంతరిక్షనౌక, ఒకటి జలాంతర్గామి, ఒకటి ఆకాశంలోనే ఉండి ప్రపంచంలో ఎవరు ఆపదలో ఉన్నా వినే కేంద్రం. వీటన్నిటినీ తయారుచేసినవాడు కళ్ళజోడు పెట్టుకున్న ఒక యువశాస్త్రజ్ఞుడు. అతన్ని అందరూ ‘బ్రెయిన్స్’ అంటారు. మన మాటలో ‘బుర్ర’ అన్నమాట. 1965 సెప్టెంబరు 30న మొదలై, 1966 చివరివరకూ మొత్తం 32 కథలు వచ్చాయి.

పిల్లలూ, ఈ బొమ్మలు మాట్లాడిన తీరు మీకు చెప్పకుండా ముందుకు పోలేను.

ఒక ఇనుపమేకు తీసుకోండి. పైపూత ఉన్న సన్నని రాగితీగను దానిచుట్టూ గట్టిగా, దగ్గర దగ్గరగా చుట్టండి. తీగ రెండు కొసలమీది పూతా గీకివేసి, టార్చిలైటు సెల్లు రెండు చివరలకూ తాకించండి. మేకు గుండుసూదులను లాగుతుంది. తీగ తీసేశారా, సూదులు రాలిపోతాయి. (ఎక్కువసేపు తాకించి ఉంచకండి, తీగ వేడెక్కుతుంది. గోడలో ఉండే కరెంటు జోలికి అసలే పోవద్దు.) కరెంటు ఉన్నంతసేపే అయస్కాంతం, లేకపోతే వట్టి ఇనుము. స్లౌలో ఆ బొమ్మల తలల్లో పెట్టినది ఈ బాపతు చుట్టే.

నటులు ముందుగా మాటలు చెప్పి టేపుమీద రికార్డు చేసేవారు. ఆ టేపును మళ్ళీ వినిపించేటప్పుడు, మాట వచ్చినప్పుడల్లా కరెంటు పోటు పుట్టి, బొమ్మను వేలాడదీసిన సన్నని టంగ్‌స్టన్ తీగల్లోంచి తలలోకి దిగేది. తలలోని చుట్టు బొమ్మ కిందిపెదవిని లాగి వదిలేది. అంటే, బొమ్మను ఆడించే తీగే దానికి మాటకూడా మోసుకువెళ్ళేదన్నమాట! చుట్టు పట్టాలి కనుక తల పెద్దదిగా ఉండేది, ఒళ్ళు చిన్నది. 1967లో మరో నాటకం తీసినప్పుడు ఆ సరంజామాను ఛాతీలోకి దించి, తలను చిన్నది చెయ్యగలిగారు.

మాట వచ్చింది గాని, నడక రాలేదు. పైనుంచి తీగలతో వేలాడే బొమ్మకు బరువు నేలమీద ఆనదు. కాలు ఎత్తితే తేలిపోతున్నట్టుంటుంది. మన తోలుబొమ్మలాటవాళ్ళకు ఈ చిక్కు అంతగా లేదు. బొమ్మను తెరకు ఆనించి పుల్లలతో ఆడిస్తూ, కాళ్ళకింద చెక్కలు టకటకలాడిస్తే నడక దానంతట అదే వచ్చినట్టుంటుంది. స్లౌవాళ్ళు మరో ఉపాయం పన్నారు. బొమ్మలను నడవనిచ్చేవారే కాదు! కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీనే జరిపేవారు, కదిలే బల్లలమీద నిలబెట్టేవారు, నడుము పైభాగమే చూపించేవారు. మీట నొక్కే చెయ్యి దగ్గరగా కనిపించిందంటే అది నిజమైన మనిషి చెయ్యి. ఆలోచించి చూస్తే, ఆ నాటకంలో అన్నన్ని వాహనాలు ఎందుకున్నాయో ఇందులోనే కొంత తెలుస్తుంది.

వాహనాలూ బొమ్మలే. బొమ్మవిమానం కూలితే బొమ్మ కూలినట్టే ఉంటుంది కదా, మరి పెద్దది కూలినట్టు ఎలా చూపించారు? డెరెక్ మెడింగ్స్ అనే ఆయన ఈ పనులు చూసేవాడు. సినిమా సెకండుకు 24 బొమ్మల చొప్పున తెరమీద నడుస్తుంది. తీసేటప్పుడు 96 బొమ్మల చొప్పున తీశారనుకోండి; చూపించేటప్పుడు ఒక సెకండు పని నాలుగు సెకండ్లు పడుతుంది. చిన్న వస్తువు కొద్దిఎత్తునుంచి చటుక్కున పడుతుంది, పెద్దది చాలా ఎత్తునుంచి పడటానికి సమయం తీసుకుంటుంది. అందుచేత నెమ్మదిగా పడేది మన కంటికి బరువైనదిగా కనిపిస్తుంది. నీటిని మాత్రం ఇలా మోసం చెయ్యటం కష్టం. బొట్టు ఎక్కడైనా బొట్టే.

ఇది పాత కథ. నేను స్లౌలో ఉండగా, 2015 ఏప్రిల్ 4న, శనివారంనాడు, ఇదే నాటకాన్ని కొత్తగా తీసి అక్కడి టెలివిజన్‌లో వేశారు. పేరు ‘థండర్‌బర్డ్స్ ఆర్ గో’. మధ్యలో 2004లో మనుషులతో ఒక సినిమా తీశారు గాని అది ఆడలేదు. ఈ కొత్తదానిలో మనుషులను కంప్యూటరుతో గీశారు. ద్వీపాన్నీ, కొండలనూ, విమానాల గూళ్ళనూ మాత్రం న్యూజిలాండులోని వెటా వర్క్‌షాపువాళ్ళు నిజమైన చిన్న నమూనాలుగా కట్టారు. పాతదానిలో మొదటి వాహనం బయల్దేరే గదిగోడకు, యంత్రభాగంలా కనపడాలని, నిమ్మకాయరసం తీసే ప్లాస్టిక్ పరికరాన్ని అంటించారు. కొత్తవాళ్ళు ఆ సంగతి మరచిపోకుండా తామూ ఒకటి పెట్టారు. మా మనవడు దాన్ని కనిపెట్టిన రోజున ఇల్లంతా అదిరింది.

మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు, మనవరాలికి పదకొండు. పక్కింట్లో రిటైరైన ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు. 1965లో ఆయనకు తొమ్మిదేళ్ళు. పాత 32 కథలూ ఆయన దగ్గర డిస్కుల రూపంలో ఉన్నాయి. కొత్తనాటకం ఒకటి రెండు వారాలు చూసి, ఆయన గోడమీదుగా నాతో అన్నాడు: “అంతా నున్నగా ఉంది మాష్టారూ. తీగలు లేవు. తీగలు కనిపించేటప్పుడు, ఎవరో పైనుంచి పట్టుకున్నారని తెలిసేది.” ఆ మాటను ఆయన హేళనగా అనలేదు. నాకు అది నచ్చింది. కాని తీగలు కనపడకూడదనే ఆ కాలపు పనివాళ్ళు వాటికి రంగులు పూసి నానా అవస్థలు పడ్డారనికూడా నాకు తెలుసు.

మా మనవడు పాతవాటిని మొదటిసారి చూసి, “వీళ్ళు పళ్ళు తోముకుంటూ మాట్లాడుతున్నారా?” అని అడిగాడు. వాడికి కొత్తదే గొప్పది. పక్కింటాయనకు పాతదే గొప్పది. ఇందులో వింత ఏమీ లేదు. ముందు ఏ ఊరగాయ తింటే ఆ రుచే నాలుకమీద ఉంటుంది. ఇలాంటి తగువుల్లో చాలాభాగం ఇంతే అని నా అనుమానం. నాకు కావలసింది రెండూ కొత్తే అయిన మనిషి. అటువంటి మనిషి మా ఇంట్లోనే దొరికింది.

మా ఇంటావిడకు ఇంగ్లీషు రాదు. రాట్నంలాంటి అల్లికపని పట్టుకుని ఆమె పిల్లలతో కూర్చుని రెండూ చూసింది. నెలరోజులయ్యాక అడిగితే, “పాతది నాకు కథ తెలుస్తున్నది. కొత్తది తెలియటంలేదు,” అన్నది. ఎందుకని అడిగాను. “పాతదానిలో వంతెన విరగబోతుంటే దాన్నే చూపిస్తారు. తరువాత వీళ్ళను చూపిస్తారు. వీళ్ళు బండి ఎక్కటం, తలుపు తెరవటం, అన్నీ చూపిస్తారు. కొత్తదానిలో నేను చూసేలోగా అయిపోతుంది, మిగతాది నోటితో చెబుతారు.” పాత కథ ఒక్కొక్కటి సుమారు 50 నిముషాలు, కొత్తది 22 నిముషాలు. ఆమె చెప్పినదానికి ఈ లెక్కే సాక్ష్యం. పాతబడిన అభిమానం ఆమెకు ఏమీ లేదు. అందుచేత నేను విన్న అభిప్రాయాలన్నిటిలోనూ ఈ ఒక్కదానికి ఎక్కువ మార్కులు వేశాను.

మనవరాలి మాట వేరు. పాతదానిలో అన్నదమ్ములు అయిదుగురూ ఎగిరిపోతూ ఉంటే, అదే ద్వీపంలో ఉన్న టిన్‌టిన్ అనే అమ్మాయి ఎప్పుడోగాని వెళ్ళదు. కొత్తదానిలో ఆ అమ్మాయికి కాయో అని పేరు మార్చి, సొంత విమానం ఇచ్చి, రక్షణబాధ్యత అప్పగించారు. “పాతదానిలో పెనెలోప్ దొరసాని ఉన్నది కదమ్మా, ఎంత ధైర్యస్థురాలు!” అన్నాను. “ఆవిడ ఇంగ్లండులో ఉంటుంది తాతయ్యా. ద్వీపంలో ఉన్నపిల్ల ఇంట్లో ఎందుకు కూర్చోవాలి?” అన్నది. ముప్ఫైఏళ్ళు బడిలో ఉన్నవాణ్ణి, సైన్సు ప్రదర్శనకు ఆడపిల్లలను పంపమని వారి ఇళ్ళచుట్టూ తిరిగినవాణ్ణి, దీనికి ఎదురు ఏమి చెబుతాను? పెనెలోప్ దొరసాని పాతదానిలో పొడుగాటి గొట్టంతో సిగరెట్లు కాల్చేది. కొత్తదానిలో మానేసింది. ఈ మార్పుకు మాత్రం మా వీధిలో పాతపక్షంవారు సైతం అడ్డుచెప్పలేదు.

ఇక బ్రెయిన్స్ సంగతి.

పాతదానిలో ఈ శాస్త్రజ్ఞుడు అమెరికాయాసలో నత్తిగా మాట్లాడతాడు. కొత్తదానిలో నత్తి అలాగే ఉన్నది, యాస మారింది. మనవాళ్ళు ఇంగ్లీషు మాట్లాడే యాస! కయవాన్ నోవాక్ అనే నటుడు గొంతు ఇచ్చాడు. ఆయన లండనులో పుట్టినవాడు, తల్లిదండ్రులు ఇరాన్‌వారు. మా అల్లుడు మొదటివారం చూసి సంతోషించాడు. “ప్రపంచంలోకల్లా తెలివైనవాణ్ణి మనవాణ్ణి చేశారు,” అన్నాడు. మా అమ్మాయి, “తెలివికి చేశారో, నవ్వుకు చేశారో?” అన్నది. ఇద్దరూ ఆ రాత్రి కాస్త గట్టిగానే వాదించుకున్నారు.

బడిలో పిల్లలు మా మనవణ్ణి ‘బ్రెయిన్స్’ అని పిలవటం మొదలుపెట్టారు. వాడికి లెక్కలు బాగా వచ్చు, కళ్ళజోడున్నది. రెండువారాలు వాడు గర్వంగా తిరిగాడు. ఒకనాటి సాయంత్రం వాణ్ణి తీసుకురావటానికి నేను బడిగేటుదగ్గరకు వెళ్ళి, అక్కడున్న టీచరమ్మను ఏదో అడిగాను. వెనక ఎవరో పిల్లవాడు నా మాటనే, నా యాసలోనే, మళ్ళీ అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నాకు పట్టింపు లేదు; పంతులును వెక్కిరించని పిల్లలు ఏ దేశంలో ఉన్నారు? కాని మా వాడి చెవులు ఎర్రబడ్డాయి. ఇంటికి వస్తూ దారిలో, “తాతయ్యా, రేపు అమ్మను రమ్మను,” అన్నాడు. ఆ శనివారం వాడు టెలివిజన్ పెట్టలేదు.

మా అమ్మాయి బడికి ఉత్తరం రాస్తానన్నది. నేను రెండురోజులు ఆగమన్నాను. వాణ్ణి తీసుకుని పక్కింటికి వెళ్ళాను. పాతదానిలోని మాటలు ఇంగ్లీషువాళ్ళకు ఎలా వినిపించేవో చెప్పమని ఆయన్ను అడిగాను. ఆయన నవ్వి, ఆ నాటకంలో చాలా గొంతులు అసలైనవి కావన్నాడు. అన్నదమ్ములందరూ అమెరికావాళ్ళు, తీసింది ఇంగ్లండులో. గొంతులిచ్చినవాళ్ళలో కెనడావాళ్ళున్నారు, ఒక ఆస్ట్రేలియా ఆయన ఉన్నాడు. పెనెలోప్ దొరసాని కారు నడిపే పార్కర్ మరీ చిత్రం. అతని మాట ఎలా ఉండాలో నేర్చుకోవటానికి, జెర్రీ ఆండర్సన్ తన నటుడు డేవిడ్ గ్రహామ్‌ను కుకమ్ అనే పల్లెలో ఒక హోటలుకు భోజనానికి పంపాడు. అక్కడ వడ్డించే ఒక మనిషి మాటతీరు విని, ఆయన దాన్ని పట్టుకువచ్చాడు. దేశమంతా పార్కర్ మాటకు నవ్వింది. ఆ వడ్డించే మనిషికి ఈ సంగతి తెలియనే తెలియదు. అదే డేవిడ్ గ్రహామ్ 1965లో బ్రెయిన్స్‌కు కూడా గొంతు ఇచ్చాడు. 2015లో, తొంభైఏళ్ళ వయసులో, మళ్ళీ పార్కర్‌గా మాట్లాడాడు. (2024లో ఆయన 99 ఏళ్ళ వయసులో చనిపోయారు.)

మనవడు అంతా విని, “అయితే ఆ వడ్డించే ఆయన మనవడు ఏం చేశాడు?” అని అడిగాడు. పక్కింటాయన దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మరునాడు కూడా బడికి నేనే వెళ్ళాను. వాడు వద్దనలేదు. గేటుదగ్గర నేను మాట్లాడినప్పుడు పక్కనే నిలబడ్డాడు, అంతే. ‘బ్రెయిన్స్’ అనే పిలుపు వేసవిసెలవులదాకా ఉండి, తరువాత దానంతట అదే పోయిందట. ఆ పాత్రలో నాకు నిజంగా నచ్చనిది యాస కాదు, నత్తి. నా బడిలో నత్తి ఉన్న పిల్లలు అయిదారుగురు ఉండేవారు. జవాబు తెలిసికూడా వాళ్ళు చెయ్యి ఎత్తేవారు కాదు. నత్తి ఉన్నవాణ్ణి మహాశాస్త్రజ్ఞుడిగా చూపటం మంచిదే. అతను ఒక మాట దొరకక తడబడి, చివరకు వేరే మాటతో సరిపెట్టుకున్నప్పుడల్లా నవ్వు పుట్టించటం రెండు నాటకాల్లోనూ ఉన్నది. అరవైల నాటినుంచీ ఎన్నో మార్చినవాళ్ళు దీన్నికూడా మార్చి ఉండవచ్చును.

కొత్తనాటకం 78 కథలు నడిచి 2020లో ముగిసింది. పాతదాన్ని ప్రేమించేవారు కొందరు, 2015లోనే, చందాలు పోగుచేసుకుని, స్లౌలోని ఆ పాత స్టూడియోలోనే, తీగలబొమ్మలతో మూడు కొత్త కథలు తీశారు. వాటికి గొంతులు 1960లలో వచ్చిన గ్రామఫోను రికార్డులనుంచి తీసుకున్నారు. అంటే కొత్తబొమ్మలు పాతగొంతులతో మాట్లాడాయి.

2023 నవంబరు 12న మన ఉత్తరాఖండ్‌లో, సిల్‌క్యారా అనేచోట, కడుతూ ఉన్న సొరంగం కూలి 41 మంది పనివాళ్ళు లోపల చిక్కుకుపోయారు. తొలిచే యంత్రాన్ని వైమానికదళంవారు పెద్ద విమానంలో తెచ్చి దింపారు. మనవడు అప్పటికి పదహారేళ్ళవాడు. స్లౌనుంచి ఫోన్ చేసి, “తాతయ్యా, లావుపాటి ఆకుపచ్చ విమానం వచ్చింది కదా!” అన్నాడు. నేను ఇక్కడ టెలివిజన్‌ముందే కూర్చుని ఉన్నాను. రోజూ ఫోన్ చేసేవాడు. ఇంకొద్ది దూరమే ఉందనగా యంత్రం లోపలే విరిగిపోయింది. ఆనాడు వాడు ఎక్కువ మాట్లాడలేదు. “22 నిముషాల్లో అయ్యే పని కాదురా,” అని మా ఇంటావిడ ఫోన్ లాక్కుని చెప్పింది. చివరి పది పన్నెండు మీటర్లూ, సన్నని గొట్టంలోకి దూరి, చేతిపనిముట్లతో తవ్వే పన్నెండుమంది పనివాళ్ళు తొలిచారు. 17వ రోజు రాత్రి 41 మందీ బయటికి వచ్చారు. అప్పటికి ఇంగ్లండులో మధ్యాహ్నం. వాడు బడిలో ఉండి, ఫోన్ తీయలేకపోయాడు.